గొంతు గడ్డకు సూది పరీక్ష: నూటికి ఎన్ని పాళ్లు నిజము?

వైద్యశాస్త్రమున ఏ పరీక్షను గురించి చెప్పవలసి వచ్చినను "ఇది నూటికి తొంభైయైదు పాళ్లు ఖచ్చితమైనది" అని ఒక సంఖ్యను చెప్పుట పరిపాటి అయినది. సంఖ్య వినగానే సందేహము తీరినట్లు తోచును. కాని లెక్కల తరగతిలో కూర్చున్న ఏ విద్యార్థియైనను వెంటనే అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: తొంభైయైదు సరే, ఏ నూటిలో? సూది గుచ్చిన నూరుగురిలోనా? స్పష్టమైన జవాబు వచ్చిన నూరుగురిలోనా? ఆపరేషను జరిగిన నూరుగురిలోనా? ఈ మూడు నూరులును ఒకటి కావు. థైరాయిడ్ గ్రంథిలోని గడ్డలకు చేయు సూది పరీక్ష విషయమున ఈ ప్రశ్న వేయకపోవుట వలన చాల గందరగోళము కలిగినది. ఆ పరీక్షలోని మంచిని, దానిని గూర్చి ప్రచారములోనున్న సంఖ్యలలోని లోపమును వేరువేరుగా తూచి చూడవలసి యున్నది.

థైరాయిడ్ గ్రంథికి తెలుగులో అవటు గ్రంథి అని పేరు. ఇది గొంతు ముందుభాగమున, శ్వాసనాళమునకు అంటుకొని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారమున ఉండును. ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి, శరీరములోని కణముల పనివేగమును సవరించు హార్మోనులను తయారుచేయుట దీని పని. ఈ గ్రంథిలో గడ్డలు ఏర్పడుట చాల సాధారణము. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున జరిగి 1968లో ప్రకటింపబడిన పరిశీలనలో, చేతికి తగులు గడ్డలు స్త్రీలలో నూటికి 6.4 మందికిని, పురుషులలో 1.5 మందికిని కనబడినవి. అల్ట్రాసౌండ్ యంత్రముతో వెదకినచో ఇంతకు ఎన్నోరెట్లు బయటపడును. అయితే పరీక్షింపవలసినవిగా తేలిన గడ్డలలో క్యాన్సరు ఉండునవి నూటికి సుమారు 7 నుండి 15 వరకు మాత్రమే.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. గడ్డ కనబడిన ప్రతివారికిని కత్తి పెట్టినచో, క్యాన్సరు లేని ఎందరో అనవసరముగా ఆపరేషను బల్ల ఎక్కవలసి వచ్చును. గ్రంథిని పూర్తిగా తీసివేసినవారు జీవితాంతము థైరాక్సిన్ మాత్ర మ్రింగవలెను. కంఠస్వరమును నడుపు నరము గ్రంథి వెనుకనే పోవుచున్నది; దానికి దెబ్బ తగిలినచో గొంతు బొంగురుపోవును. సున్నమును అదుపులో ఉంచు పారాథైరాయిడ్ గ్రంథులు కూడ అక్కడనే ఉన్నవి. అవి దెబ్బతిన్నచో చేతులు, కాళ్లు కొంకరపోవును. పోనీ, ఎవరికిని కత్తి పెట్టకుండ ఊరకున్నచో, నిజముగా క్యాన్సరు ఉన్నవారు మిగిలిపోవుదురు. కత్తి ఎవరికి, ఓపిక ఎవరికి అని వేరుచేయు సాధనము కావలెను. ఆ సాధనమే సూది.

ఇది సాధారణముగా ఇంజెక్షనుకు వాడు సూదుల వంటిదే, లేదా వాటికంటె సన్ననిది. గడ్డలో గుచ్చి, కొద్దిగా కదలించి, లోని కణములను కొన్నింటిని పైకి తీసి, గాజుపలకపై పలుచగా పరచి, రంగులు అద్ది, సూక్ష్మదర్శినిలో చూతురు. న్యూయార్కులో హేస్ మార్టిన్, ఎడ్వర్డ్ ఎల్లిస్ అను ఇద్దరు 1930లో సూదితో కణములు తీయు పద్ధతిని ప్రకటించిరి. వారు వాడిన సూదులు కొంచెము లావైనవి. సన్నని సూదితో థైరాయిడ్ వ్యాధులను గుర్తించు విధానమునకు గట్టి పునాది వేసినది స్వీడను దేశము. స్టాక్‌హోమ్‌లో ఐన్‌హార్న్, ఫ్రాన్‌జెన్ అను వైద్యులు 1962లో ప్రకటించిన వ్యాసము ఈ రంగమున ఒక మైలురాయి. వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల వెలసినది అంతకు మూడేండ్ల ముందు, 1959లో. మత్తుమందు లేకుండ, కొద్ది నిమిషములలో ముగియు ఈ పరీక్ష ఇప్పుడు జిల్లా ఆసుపత్రులలో సహితము చేయదగినంత సులభము, చౌక. ఇది నిజముగా గొప్ప మేలు.

ఇంతకును సూది ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు? మహబూబాబాదు జిల్లాలోని కేసముద్రము మార్కెటు యార్డు వంటి చోట ధాన్యపు బస్తాలు దిగినప్పుడు, బస్తాను విప్పకుండ మొనదేలిన ఇనుప గొట్టమును గుచ్చి, పిడికెడు గింజలు తీసి చూచుట ఉన్నది. గింజ తాలా, గట్టిదా, తడిసినదా అని ఆ పిడికెడే చెప్పును. కాని బస్తాకు అడుగున చిరుగు పడి గింజలు బయటికి కారుచున్నవా అన్న సంగతిని ఆ పిడికెడు చెప్పలేదు. అందుకు బస్తానే తిప్పి చూడవలెను. సూది పరీక్షకును సరిగా ఇదే బలము, ఇదే హద్దు. పాపిల్లరీ అను రకపు క్యాన్సరులో గింజలోనే లోపము కనబడును; కణకేంద్రకములపై గీతలు, లోపల బుడగల వంటి చేరికలు ఉండును. సూది వీనిని చక్కగా పట్టుకొనును. ఫాలిక్యులర్ అను రకములో, మామూలు గడ్డ కణములకును క్యాన్సరు కణములకును రూపములో భేదము కనబడదు. గడ్డ చుట్టునున్న పొరను గాని, రక్తనాళములను గాని కణములు చీల్చుకొని పోయినవా అన్నదే అచట తేడా. అది బస్తా చిరుగు వంటి సంగతి. గడ్డను బయటికి తీసి, దాని అంచులను కోసి చూచినగాని తెలియదు. కాబట్టి సూది "సందేహము" అని చెప్పినప్పుడు, అది చాలసార్లు వైద్యుని అసమర్థత కాదు. సూది స్వభావమే అంత.

ఈ సందేహములను ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క మాటతో వ్రాయుచుండుట వలన శస్త్రవైద్యులకు తల తిరుగుచుండెను. దీనిని చక్కబెట్టుటకై 2007లో అమెరికాలోని బెథెస్డాలో నిపుణులు సమావేశమైరి. వారి నిర్ణయములు సయ్యద్ అలీ, ఎడ్మండ్ సిబాస్ సంపాదకత్వమున 2010లో గ్రంథరూపమున వెలువడినవి. 2017లోను, 2023లోను సవరించిన కూర్పులు వచ్చినవి. దీని ప్రకారము జవాబులు ఆరు తరగతులు: చాలినన్ని కణములు రానిది, హానిలేనిది, అర్థము స్పష్టముకాని మార్పులున్నది, ఫాలిక్యులర్ గడ్డ, క్యాన్సరని గట్టి అనుమానమున్నది, క్యాన్సరు. కణములు చాలినవని చెప్పుటకు కనీసము పదేసి కణములున్న గుంపులు ఆరైనను ఉండవలెనని సామాన్య నియమము. ఒక్కొక్క తరగతిలో క్యాన్సరు ఉండు అవకాశమెంతో కూడ గ్రంథము చెప్పుచున్నది. 2023 కూర్పు లెక్క ప్రకారము హానిలేని తరగతిలో సగటున నూటికి 4, మూడవదానిలో 22, నాలుగవదానిలో 30, అయిదవదానిలో 74, ఆరవదానిలో 97.

ఈ వ్యవస్థ చేసిన ఉపకారము కాదనరానిది. భూపాలపల్లిలో వ్రాసిన మాట హైదరాబాదులోను, స్టాక్‌హోమ్‌లోను ఒకే అర్థము నిచ్చును. "తెలియదు" అని నిజాయితీగా చెప్పుటకు తరగతులను ఏర్పరచుట మరింత మెచ్చదగిన సంగతి. విమర్శింపవలసినది తరగతులను కాదు. వాని ప్రక్కన వ్రాసిన సంఖ్యలు ఎట్లు పుట్టినవన్నది.

ఒక లెక్క వేసి చూచినచో సంగతి విశదమగును. ఈ లెక్కలోని అంకెలు వివరణకు మాత్రమే కల్పించుకొన్నవి. వేయిమందికి సూది పరీక్ష జరిగినదనుకొనుడు. వారిలో నిజముగా క్యాన్సరు ఉన్నవారు 120 మంది. నూరుగురికి కణములు చాలలేదు. వారిలో 8 మందికి క్యాన్సరు. 650 మందికి "హానిలేదు" అని వచ్చినది. అందులో 13 మందికి క్యాన్సరు ఉన్నను సూది పట్టలేకపోయినది. 190 మందికి "సందేహము" అని వచ్చినది. వారిలో 40 మందికి క్యాన్సరు. 60 మందికి "క్యాన్సరు" అని వచ్చినది. అందులో 59 నిజము, ఒకటి పొరపాటు.

ఇప్పుడు ఖచ్చితత్వమెంత? స్పష్టమైన జవాబు వచ్చిన 710 మందినే లెక్కించినచో, సరియైన జవాబులు 637, 59 కలిసి 696. అనగా నూటికి 98 పాళ్లు! బ్రహ్మాండమైన పరీక్ష. కాని సూది గుచ్చించుకొన్న వేయిమందిని లెక్కించినచో, సరియైన స్పష్టమైన జవాబు దొరకినది 696 మందికే. అనగా నూటికి 69.6 పాళ్లు. క్యాన్సరున్న 120 మందిలో "క్యాన్సరు" అని తేల్చి చెప్పబడినవారు 59 మంది. సగము కంటె కొంచెము తక్కువ. సూది ఒకటే, చేయి ఒకటే, రోగులు వారే. మారినది హారము మాత్రమే. భిన్నములో హారమును దాచి లవమును చెప్పుట ఎటువంటిదో ఆరవ తరగతి విద్యార్థికిని తెలియును.

రెండవ చిక్కు దీనికంటె లోతైనది. సూది చెప్పినది నిజమో కాదో తెలియవలెనన్నచో గడ్డను కోసి చూడవలెను. "హానిలేదు" అని వచ్చినవారిని ఎవరును కోయరు, కోయకూడదు కూడ. పై లెక్కలో సందేహము, క్యాన్సరు అని వచ్చిన 250 మందికిని ఆపరేషను జరిగినదనుకొనుడు. "హానిలేదు" అని వచ్చిన 650 మందిలో, గడ్డ పెరుగుచున్నదనియో, మ్రింగుటకు అడ్డమగుచున్నదనియో 65 మందికే ఆపరేషను జరిగినది. వారిలో 5 మందికి క్యాన్సరు బయటపడినది. తక్కిన 585 మంది ఇండ్లకు పోయిరి. వారిలోని 8 క్యాన్సరులు ఏ పుస్తకములోను ఎక్కలేదు.

క్యాన్సరును పట్టు శక్తిని సున్నితత్వమందురు. క్యాన్సరు లేనివారిని లేనివారుగానే గుర్తించు శక్తిని నిర్దిష్టత యందురు. సందేహపు తరగతిని "ఉన్నది" వైపు వేసి, కణములు చాలని వారిని విడిచి లెక్కించినచో, అసలు సున్నితత్వము 112 మందిలో 99, అనగా నూటికి 88.4. ఆపరేషను జరిగినవారిలో మాత్రము 104 మందిలో 99, అనగా 95.2గా కనబడును. అసలు నిర్దిష్టత 788 మందిలో 637, అనగా 80.8. ఆపరేషను పుస్తకములో 211 మందిలో 60, అనగా 28.4గా కనబడును! కోసినవారినే లెక్కించుట వలన ఒక గుణము ఉన్నదానికంటె పెద్దదై, రెండవ గుణము ఉన్నదానికంటె బాగుగా చిన్నదై చూపట్టినది. వంకర అద్దములో ముఖము వంటిదే ఇది.

ఇది కేవలము బల్లపై కల్పించిన లెక్క అనుకొనరాదు. బెథెస్డా పద్ధతిని అనుసరించిన ఎనిమిది పరిశీలనలను కలిపి బొంజొవాన్ని, సహచరులు 2012లో ఒక సంకలనమును ప్రకటించిరి. అందులో 25,445 సూది పరీక్షలున్నవి. ఆపరేషను జరిగి నిజము తేలినవి 6,362. అనగా నాలుగింట ఒక వంతు. ఆ వంతు ఆధారముగా వారు చెప్పిన సున్నితత్వము నూటికి 97, నిర్దిష్టత 50.7, మొత్తము ఖచ్చితత్వము 68.8. సున్నితత్వము ఎత్తున, నిర్దిష్టత లోతున ఉన్న ఈ పోలికను చూచినచో పై లెక్క జ్ఞప్తికి రాకమానదు. ఆ వ్యాసముననే తప్పుగా "ఉన్నది" అని చెప్పుట నూటికి 0.5 మాత్రమే అని కూడ ఉన్నది. నిర్దిష్టత 50.7 అయినప్పుడు తప్పు "ఉన్నది" 49.3 కావలెను గదా! రెండు సంఖ్యలకు నిర్వచనములు వేరు కాబట్టియే రెండును ఒకచోట ఇమిడినవి. ఆ వ్యాసకర్తలు మూలసంఖ్యలను దాచలేదు. అది వారి గుణము. కాని 97ను మాత్రము పట్టుకొని సూదిని పొగడువారును, 50.7ను మాత్రము పట్టుకొని తెగడువారును, ఇద్దరును పాఠకులకు సగము నిజమే చెప్పుచున్నారు.

మూడవ చిక్కు కొలబద్దది. ఆపరేషనులో తీసిన గడ్డయే తుదితీర్పు అనుకొందురు. ఆ తీర్పు కూడ కాలముతో మారును. పొర దాటని ఒక రకపు ఫాలిక్యులర్ గడ్డను అదివరకు క్యాన్సరుగా లెక్కించుచుండిరి. 2016లో నిపుణుల బృందమొకటి దాని నడవడి హానికరము కాదని చూపి, పేరులోనుండి క్యాన్సరు అను మాటను తొలగించినది. ఒక్క నిర్ణయముతో సూది "సరిగా పట్టినది" అనుకొన్నవి కొన్ని "పొరపాటు" క్రిందికి జారినవి. సూది మారలేదు, రోగి మారలేదు, కొలబద్ద మారినది. దక్షిణ కొరియా అనుభవము మరియొక హెచ్చరిక. అచట ఆరోగ్యవంతుల గొంతులను సహితము అల్ట్రాసౌండుతో విరివిగా వెదకుట వలన, 1993తో పోల్చినచో 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సరు గుర్తింపు పదునైదు రెట్లు పెరిగినది. ఆ వ్యాధితో చనిపోవువారి సంఖ్య మాత్రము మారలేదు. సూది నిజము చెప్పినంత మాత్రమున మేలు జరుగునన్న నియమము లేదు. ఎవరికి గుచ్చవలెనన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. అల్ట్రాసౌండులో గడ్డ రూపమును, పరిమాణమును చూచి ఎన్నుకొని గుచ్చుట నేటి వైద్యుల పద్ధతి. సెంటీమీటరులోపు గడ్డలను సాధారణముగా గుచ్చక విడిచిపెట్టుదురు.

ఇక ఈ సంగతులు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలకు ఎట్లు వర్తించును? పాత వరంగల్లు జిల్లా విడిపోయి 2016 అక్టోబరు 11న ఈ మూడు జిల్లాలు ఏర్పడినవి. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వైద్య కళాశాల ఉన్నచోట పేథాలజీ శాఖ ఉండును. సూక్ష్మదర్శిని ముందు కూర్చుండువారు ఉందురు. ఇంతకుముందు గొంతు గడ్డకు వరంగల్లు మహాత్మాగాంధీ ఆసుపత్రికో, హైదరాబాదుకో పోవలసినవారు ఇంటికి దగ్గరలోనే సూది పరీక్ష చేయించుకొనుటకు ఇది దారి. అయితే పుస్తకములోని 97ను, 4ను ఎత్తి తెచ్చి ఇచట అంటించరాదు. కారణము చిన్న లెక్కతో తెలియును. నూరు క్యాన్సరులలో పదింటిని జారవిడిచి, క్యాన్సరు లేని నూటిలో ఎనుబదింటిని "హానిలేదు" అను పరీక్ష ఒకటి ఉన్నదనుకొనుడు. వేయిమందిలో నూరుగురికి క్యాన్సరున్న జిల్లా ఆసుపత్రిలో "హానిలేదు" అన్న 730 జవాబులలో తప్పు 10, నూటికి 1.4. ఎంపిక చేయబడిన రోగులే వచ్చు పెద్ద క్యాన్సరు ఆసుపత్రిలో వేయింట 400 మందికి క్యాన్సరుండినచో, 520 జవాబులలో తప్పు 40, నూటికి 7.7. పరీక్ష అదే, వచ్చు జనము వేరు.

కాళేశ్వరము ప్రక్కనుండి భూపాలపల్లికి వచ్చిన వ్యవసాయ కూలి స్త్రీకి "కణములు చాలలేదు, మరల రమ్ము" అన్న మాట పుస్తకములో మొదటి తరగతి మాత్రమే. ఆమెకు అది ఇంకొక దినపు కూలి, ఇంకొక బస్సు ఛార్జీ. ఒక్కొక్కప్పుడు మరల రాకపోవుటయే. ఖచ్చితత్వపు సంఖ్యలో ఆమె లెక్కకు రాదు. అందుచేతనే కణములు చాలినవా లేదా అని రోగి లేచిపోకముందే గాజుపలకను చూచుట, అల్ట్రాసౌండు సాయముతో గుచ్చుట, ఈ రెండును చిన్న ఆసుపత్రులలోనే ఎక్కువ అవసరము. జనగామ రైలుమార్గము మీద ఉన్న ఊరు. అచటివారు సూది పరీక్ష ఒకచోట, ఆపరేషను మరియొకచోట చేయించుకొనుటకు వీలున్నది. రెండు కాగితములు కలియనప్పుడు సూది చెప్పినది నిజమైనదో కాదో గుచ్చిన వైద్యునికే తెలియదు. తెలియనివాడు తన పొరపాటునుండి నేర్చుకొనలేడు.

కాబట్టి ఏ ఆసుపత్రియైనను ఒక్క శాతమును ప్రకటించుటకు బదులు అయిదు అంకెలను ఏటేట ప్రకటించుట మేలు: ఎందరికి సూది గుచ్చిరి, ఎందరికి కణములు చాలలేదు, ఒక్కొక్క తరగతిలో ఎందరు, వారిలో ఎందరికి ఆపరేషనై ఏమి తేలినది, "హానిలేదు" అని పంపినవారిలో కొన్ని ఏండ్ల తరువాత ఎందరిని మరల చూడగలిగిరి. ఈ కడపటి అంకె సంపాదించుట కష్టము. కాని వంకర అద్దమును సరిచేయునది అదొక్కటే. దీనికి ఖరీదైన యంత్రము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక టెలిఫోను, ఓపిక కావలెను.

తీర్పు చెప్పవలసి వచ్చినచో, సూది పరీక్ష మంచి పరీక్ష. "క్యాన్సరు" అని అది చెప్పినప్పుడు దాదాపు ఎల్లప్పుడును నిజమే. "హానిలేదు" అని చెప్పినప్పుడు చాలవరకు నిజమే, అయినను గడ్డను అప్పుడప్పుడు చూపించుకొనుచుండవలెను. "సందేహము" అన్నప్పుడు అది నిజాయితీగల మాట. ఈ మూడు వాక్యములు రోగికి ఒక శాతము కంటె ఎక్కువ ఉపయోగపడును. ఉపాధ్యాయులు పైన కల్పించిన వేయిమంది లెక్కను నల్లబల్లపై వ్రాసి, అంకెలు మార్చి, విద్యార్థులచేత మరల చేయించవచ్చును. ఇక ముందు ఏ పరీక్షను గురించియైనను, ఏ మందును గురించియైనను, ఏ ఎన్నికల జోస్యమును గురించియైనను "నూటికి తొంభైయైదు" అని వినబడినప్పుడు, "ఏ నూటిలో?" అని వెనుక బెంచీనుండి ఒక గొంతు లేచినచో, ఆ పాఠము ఫలించినట్లే.